ఆటలో అరటిపండు

బాలలూ! "ఆటలో అరటిపండు" అనే మాట మీరు వినే ఉంటారు. పెద్దవాళ్ళు దీన్ని ఎగతాళిగా వాడతారు. సంఘంలో ఎవరూ లెక్కచెయ్యని సభ్యుణ్ణి గురించో, ఇంటి వ్యవహారంలో ఎవరూ సలహా అడగని చిన్నాన్నను గురించో, "ఆయనదేముంది, ఆటలో అరటిపండు!" అని నవ్వుతారు. కాని పిల్లల ఆటలో ఈ మాటకు ఎగతాళి అర్థం లేదు. అక్కడ అది ఒక హోదా.

సాయంకాలం కొందరు పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారనుకోండి. అందరూ ఎనిమిదేళ్ళ వాళ్ళు, పదేళ్ళ వాళ్ళు. వాళ్ళలో ఒక అమ్మాయికి నాలుగేళ్ళ తమ్ముడున్నాడు. వాడు అక్క గౌను పట్టుకుని వదలడు. ఇంట్లో దిగవిడిచి వస్తే ఏడుస్తాడు. ఆటలో పెట్టుకుంటే వాడికి పరుగు రాదు, దాక్కోవటం రాదు, దాక్కున్నా మధ్యలో "నేనిక్కడున్నా!" అని కేక పెడతాడు. అందుకని పిల్లలు వాణ్ణి అరటిపండు చేస్తారు. వాడు అందరితోపాటు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. దొంగ ముట్టుకున్నా వాడు దొంగ కాడు. కాని తాను నిజంగా ఆడుతున్నానని వాడి నమ్మకం. ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి ఆట సూత్రాలన్నీ వాడికి పట్టుబడతాయి. చివరకు ఒకనాడు, "నేను అరటిపండును కాను, నేనూ పంటలు వేస్తాను," అంటాడు. ఆనాటినుంచి ముట్టుకుంటే వాడూ దొంగే!

ఏ మేష్టారూ చెప్పకుండా పిల్లలు తమంత తాము నడుపుకునే బడి ఇది. దీనిలో చిన్నవాడికి ప్రవేశం ఉన్నది, కొంతకాలం పరీక్ష లేదు, పై తరగతికి ఎప్పుడు పోవాలో వాడే నిర్ణయించుకుంటాడు. నేను ముప్ఫయ్యారేళ్ళు బళ్ళలో పనిచేశాను గాని, ఇంతకంటె చక్కని ఒకటో తరగతిని చూడలేదు.

పంటలు వెయ్యటం కూడా చిన్న సంగతి కాదు. దొంగ కావటానికి ఎవరూ ఇష్టపడరు. "నువ్వే దొంగవి," అని ఒకరు మరొకరిమీద నెడితే ఆట మొదలుకాకముందే తగాదా వస్తుంది. కనుక ముగ్గురు చొప్పున చేతులు కలిపి, ఒక్కసారిగా వేస్తారు. ఒకరి అరచెయ్యి పైకి ఉంటుంది, ఒకరిది కిందికి. ఎవరి చెయ్యి మిగిలిన ఇద్దరికీ భిన్నంగా పడిందో ఆ పిల్లవాడు పండినట్టు. వాడు తప్పుకుంటాడు, ఇంకొకడు వస్తాడు. చివరకు ఇద్దరే మిగిలితే, అప్పటికే పండినవాడొకడు వచ్చి చెయ్యి కలుపుతాడు. ఆఖరుకు మిగిలినవాడు దొంగ. వాణ్ణి ఎవరూ దొంగను చెయ్యలేదు, చేతులు చేశాయి. అందుచేత వాడికి కోపం రాదు. వచ్చినా ఎవరిమీద చూపించాలో తెలియదు!

వీటన్నిటికన్న తెలివైన ఏర్పాటు మరొకటి ఉన్నది. చెడుగుడు ఆడటానికి రెండు జట్లు కావాలి. ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగిలినవాళ్ళు ఉజ్జీలుగా, అంటే సమానమైన బలం గలవాళ్ళు ఇద్దరిద్దరుగా, భుజాలమీద చేతులు వేసుకుని దూరంగా పోతారు. పోయి రహస్యంగా మారుపేర్లు పెట్టుకుని వస్తారు. "మల్లెపువ్వు కావాలా, మందారం కావాలా?" అని అడుగుతారు. నాయకుడు "మందారం" అంటాడు. మందారం ఎవరో అతనికి తెలియదు. తీరా చూస్తే అందరిలోకీ పొట్టివాడు కావచ్చు. కాని వాడి ఉజ్జీ కూడా అంత పొట్టివాడే గనుక రెండు జట్లకూ నష్టం లేదు.

దీనిలో ఉన్న ఉపకారం మీకు తెలిసిందా? ఇప్పుడు చాలా చోట్ల జట్లు కట్టే పద్ధతి వేరు. నాయకులిద్దరూ అందరినీ వరసగా నిలబెట్టి, "నాకు వాడు", "నాకు వీడు" అని పేర్లు పిలుస్తూ పోతారు. బాగా ఆడేవాళ్ళు ముందు పోతారు. చివరకు ఒకడు మిగులుతాడు. వాడికేసి చూసి ఇద్దరు నాయకులూ, "నువ్వు తీసుకో," "వద్దు, నువ్వే తీసుకో," అని ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటారు. ఇది రోజూ జరుగుతుంది, రోజూ మిగిలేవాడు వాడే. ఉజ్జీల పద్ధతిలో ఆఖరున మిగిలేవాడు ఉండడు. అది కనిపెట్టినవాడెవడో గాని, ఒకప్పుడు ఆఖరున మిగిలిన పిల్లవాడే అయి ఉంటాడని నా అనుమానం.

ఇన్ని ఏర్పాట్లూ ఒక్క మాటను తప్పించటానికే ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ మాట: "నిన్ను చేర్చుకోం, పో!"

బడిలో ఈ మాట వీధిలోకంటె ఎక్కువగా వినిపిస్తుంది. దానికి కారణాలున్నాయి. విరామం పది నిమిషాలే, ఆట త్వరగా మొదలుపెట్టాలి. అందరూ ఒక్క ఈడువాళ్ళే, ఆదుకోవటానికి అక్కలూ అన్నలూ ఉండరు. ఎవరిని చేర్చుకోరో కూడా మీకు తెలుసు. కొత్తగా మరొక ఊరినుంచి వచ్చి వేరే యాసలో మాట్లాడే అమ్మాయి, కాలు కొంచెం ఈడ్చి నడిచే అబ్బాయి, మాసిన చొక్కా వేసుకున్నవాడు, బంతి పట్టుకోవటం చేతగానివాడు. కొన్ని చోట్ల పెద్దల మనసుల్లో ఉన్న కులాల అడ్డుగోడలు కూడా పిల్లల ఆటలోకి వచ్చి కూర్చుంటాయి. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

"మరి, ఆట మాది. మా ఇష్టం వచ్చినవాళ్ళను చేర్చుకుంటాం," అని మీరనవచ్చు. ఆట ఎవరిది, ఆట సూత్రాలు ఎవరివి అనే ప్రశ్నను ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు చాలా శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన పేరు జాన్ పియాజే. స్విట్జర్లాండు దేశస్థుడు, 1896లో పుట్టి 1980లో చనిపోయాడు. శాస్త్రజ్ఞుడంటే గాజు గొట్టాలూ, భూతద్దాలూ మీ కళ్ళముందు మెదులుతాయి. పియాజే వాడిన సాధనాలు గోలీలు! ఆయన పిల్లల దగ్గర చేరి, "చిన్నప్పుడు ఈ ఆట నాకూ వచ్చు, ఇప్పుడు మరిచిపోయాను. ఎలా ఆడాలో చెబుతావా?" అని అడిగేవాడు. వాళ్ళు నేర్పుతుంటే ఆడేవాడు. మధ్యమధ్య, "ఈ సూత్రం ఎవరు పెట్టారు? దీన్ని మార్చవచ్చునా?" అని ప్రశ్నలు వేసేవాడు. ఈ పరిశీలనలన్నీ 1932లో పుస్తకంగా వచ్చాయి.

ఆయనకు తెలిసిన విషయాలు తమాషాగా ఉంటాయి. నాలుగైదేళ్ళ పిల్లలు ఒకే చోట కూర్చుని ఆడుతున్నా ఎవరి ఆట వారిదే. ఇద్దరూ గెలిచామంటారు, ఇద్దరికీ సంతోషమే. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి గెలవాలనే పట్టుదల పుడుతుంది, కాని సూత్రాలు ఒకడు చెప్పినట్టు మరొకడు చెప్పడు. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళయితే సూత్రాలను లాయర్లలాగా చర్చిస్తారు. ఒక్కొక్కప్పుడు ఆటకంటె చర్చే ఎక్కువ! ఇక, సూత్రాన్ని మార్చవచ్చునా అంటే చిన్నపిల్లలు ససేమిరా అన్నారు. అది నాన్నలు పెట్టినది, దేవుడు పెట్టినది, మార్చకూడదు. పెద్దపిల్లలు మాత్రం, అందరూ ఒప్పుకుంటే మార్చవచ్చునన్నారు.

అందరూ ఒప్పుకుంటే మార్చవచ్చు! అయితే "వాణ్ణి చేర్చుకోం" అనేది కూడా సూత్రమే గదా? దాన్ని ఎవరు పెట్టారు? దాన్ని మాత్రం మార్చకూడదా?

సరిగా ఈ ప్రశ్నే ఒక పంతులమ్మ అడిగింది. ఆమె పేరు వివియన్ పేలీ. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయంవారి లాబొరేటరీ స్కూలులో అయిదేళ్ళ పిల్లలకు చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది. ఆమె ఒక విషయం కనిపెట్టింది. తరగతిలో కొందరు పిల్లలు యజమానులలాగా ఎవరు ఆడాలో, ఎవరు ఆడకూడదో నిర్ణయిస్తారు. తిరిగిపోయేవాళ్ళు రోజుకొకరు కారు, ఎప్పుడూ ఆ కొద్దిమందే. పేలీ ఆలోచించి ఒక కొత్త సూత్రం ప్రతిపాదించింది: ఎవరినీ "ఆడనివ్వం" అనకూడదు.

ఆమె దాన్ని వెంటనే అమలుపెట్టలేదు. ముందు తన పిల్లలతో చర్చించింది. ఒక అమ్మాయికి ఈ సూత్రం బొత్తిగా నచ్చలేదు. తనకు ఇష్టమైనవాళ్ళతో ఆడుకోవటానికి వీలులేకపోతే ఇక ఆట ఎందుకని అడిగింది. ప్రశ్న సబబైనదే. తరవాత పేలీ ఒకటో తరగతినుంచి అయిదో తరగతి దాకా అన్ని తరగతులకూ వెళ్ళి, పిల్లల అభిప్రాయం అడిగింది. సూత్రం న్యాయమైనదేనని చాలామంది అన్నారు, కాని అది సాగదన్నారు. పెద్దపిల్లలయితే, తమకు ఈపాటికే ఆలస్యమైపోయిందనీ, ఇటువంటి సూత్రాన్ని చిన్ననాటే మొదలుపెట్టాలనీ చెప్పారు. పదేళ్ళవాళ్ళు తమకు ఆలస్యమైపోయిందనటం చూస్తే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది.

చర్చ సాగినన్నాళ్ళూ పేలీ పిల్లలకు ఒక కథ అల్లి చెబుతూ వచ్చింది. అందులో మాగ్‌పై అనే పక్షి ఒంటరిగా దిగులుపడే వాళ్ళను వెతుక్కుంటూ పోయి ఆదుకుంటుంది. చివరకు సూత్రం అమలులోకి వచ్చింది. ఈ సంగతులన్నీ ఆమె 1992లో ఒక పుస్తకంగా ప్రకటించింది. 2019లో ఆమె చనిపోయింది.

ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది. స్నేహం వేరు, ఆట వేరు. నీ రహస్యం ఎవరితో చెప్పుకుంటావో, సెలవుల్లో ఎవరి ఇంటికి పోతావో, అది నీ ఇష్టం. దానిలో బలవంతం కూడదు. కాని బడి ఆవరణ ఎవరి సొంతమూ కాదు. అక్కడి చెట్టుకింద ఆడే ఆటలో తరగతిలోని ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ భాగం ఉన్నది, నల్లబల్లకేసి చూసే హక్కు అందరికీ ఉన్నట్టే.

అయితే, తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు. లోపలికి ఎలా రావాలో వచ్చేవాడికి తెలిసి ఉండాలి. ఇది మనం తరచు మరిచిపోతాం.

నాలుగో తరగతిలో నాకొక కుర్రవాడు ఉండేవాడు. లెక్కల్లో చురుకైనవాడు. కాని ఆటల పీరియడు గంట కొట్టేసరికి వాడికి కడుపునొప్పి వచ్చేది. వారానికి మూడు పీరియడ్లు, మూడు కడుపునొప్పులు. రెండు వారాలు వాణ్ణి గమనించాను. వాడు నిజానికి ఆటలోకి పోవాలని చాలా ఆశపడేవాడు. అందరూ కబడ్డీ సగం ఆడిన తరవాత పరుగున వెళ్ళి, "వాడు ఔట్! నేను చూశాను! మీరు ఆడే పద్ధతే తప్పు," అని అరిచేవాడు. లేకపోతే, "మా ఊళ్ళో నేనే ఫస్టు," అనేవాడు. వాడు చెప్పేది ఒక్కొక్కప్పుడు నిజమే, గీత తొక్కినవాడు ఔటే. కాని పిలవని పేరంటానికి వచ్చి వంటలో ఉప్పు తక్కువైందనేవాణ్ణి ఎవరు కూర్చోబెడతారు? "పోరా!" అనేవాళ్ళు. వాడు వచ్చి గోడవార నిలబడేవాడు. ఆ తరవాత కడుపునొప్పి.

ఈ విషయమే 1981లో మార్తా పుటల్లాజ్, జాన్ గాట్మన్ అనే ఇద్దరు అమెరికాలో ప్రయోగం చేసి చూశారు. రెండు, మూడు తరగతుల పిల్లలు ఇద్దరు ఆడుకుంటూ ఉండగా మూడో పిల్లవాణ్ణి పంపి, వాడేం చేస్తాడో గమనించారు. తోటివాళ్ళు ఇష్టపడే పిల్లలు అక్కడ ఏం జరుగుతున్నదో తెలుసుకుని అందులో ఇమిడిపోయారు. మిగిలినవాళ్ళు ఎక్కువగా తమ సంగతి చెప్పుకోవటం, అడ్డుచెప్పటం, ప్రశ్నలడిగి ఆట ఆపటం చేశారు. అంటే, ఆటను తమవైపు తిప్పుకోవాలని చూశారన్నమాట. మరొక సంగతి కూడా తేలింది. అందరూ ఇష్టపడే పిల్లలకు సైతం ఒక్కొక్కసారి "వద్దు" అనే జవాబే వచ్చింది. కనుక ఒకసారి కాదన్నారని ఎవరూ కుంగిపోవలసిన పని లేదు.

మా కుర్రవాడికి నేను నీతిబోధ ఏమీ చెయ్యలేదు. సున్నం డబ్బా చేతికిచ్చి, కబడ్డీ కోర్టుకు గీతలు గియ్యమన్నాను. గీతలు గియ్యాలంటే అందరికంటె ముందు రావాలి. గీసిన తరవాత ప్రక్కన నిలబడి మొదటినుంచీ చూడాలి. "ఎవరినీ దిద్దకు. ఎవరైనా బాగా ఆడితే ఆ మాట మాత్రం అను," అన్నాను. మొదటివారం గీతలు గీశాడు, చూశాడు, అంతే. "భలే పట్టావురా!" అన్న మాట వాడి నోట ఒక్కసారి వచ్చినట్టు విన్నాను. రెండోవారం ఒకనాడు ఒక జట్టులో మనిషి తగ్గాడు. ఎవరో వెనక్కి తిరిగి, "ఒరేయ్, నువ్వు రారా," అన్నారు. వెళ్ళాడు. మొదటి కూతలోనే దొరికిపోయాడు. కాని మరునాడు సున్నం డబ్బాకోసం వాడే నా గది ముందు నిలబడ్డాడు. ఏడాది పొడుగునా వాడు గొప్ప ఆటగాడేమీ కాలేదు. కడుపునొప్పి మటుకు మళ్ళీ రాలేదు.

తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. "మావాడి స్వభావమే అంత, నలుగురిలో కలవడు," అని చాలామంది తీర్పు చెప్పేస్తారు. ఎక్కాలు రాకపోతే నేర్పిస్తాం గాని, "వీడి స్వభావమే అంత, పన్నెండో ఎక్కం రాదు," అని ఊరుకోం గదా! కలిసి ఆడటం కూడా నేర్పితే వచ్చే విద్యే. షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ అనేవారు దీన్ని 1977లో ప్రకటించారు. మూడు, నాలుగు తరగతుల్లో, తోటివారు అంతగా ఆటకు పిలవని పిల్లలను కొందరిని తీసుకుని, కొద్ది వారాలపాటు శిక్షణ ఇచ్చారు. నేర్పినవి సామాన్యమైన సంగతులే: ఆటమీద ధ్యాస పెట్టటం, వంతులు పాటించటం, వస్తువులు పంచుకోవటం, తాను మాట్లాడటం, ఎదుటివాడు చెప్పేది వినటం, వాడికేసి చూసి నవ్వటం, వాడికి సాయపడటం. నేర్పిన పద్ధతిలోనే విశేషం ఉన్నది. ముందు ఆ సంగతులు కొద్దిగా మాట్లాడుకున్నారు. వెంటనే తోటి పిల్లవాడొకనితో ఆడించారు. ఆట అయిన తరవాత, "చెప్పుకున్నట్టు చేశావా? ఎలా ఉన్నది?" అని అడిగారు. శిక్షణ పొందినవాళ్ళతో ఆడటానికి తోటివారు అంతకుముందుకంటె ఎక్కువగా ఇష్టపడ్డారు. ఏడాది తరవాత చూసినా ఆ మెరుగు పోలేదు.

ఇది ఇంట్లో చెయ్యటానికి ప్రత్యేకమైన చదువు అక్కర్లేదు. ఇంటికి పదిమందిని పిలవనక్కర్లేదు. ఒక్క పిల్లవాణ్ణి పిలవండి. ముగ్గురైతే ఇద్దరు ఒకటై మూడోవాడు మిగిలే ప్రమాదం ఉన్నది. అష్టాచెమ్మా పట్టం గీసి ఇవ్వండి, సెల్‌ఫోను ఇవ్వకండి. ఫోను ఇస్తే ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చుంటారే గాని కలిసి ఆడరు. వాళ్ళు తగాదా పడితే వెంటనే లోపలినుంచి కేకలు పెట్టకండి, అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. మరొకటి, మీ వాణ్ణి ఆటలో చేర్చుకోలేదని వీధిలోకి వెళ్ళి ఆ పిల్లలను గద్దించకండి. ఆనాటికి చేర్చుకుంటారు, మరునాడు ఇంకో వీధికి పోయి ఆడుకుంటారు! ఇక, ఒంటరిగా కూర్చుని చీమలబారును చూస్తూ సంతోషంగా ఉండే పిల్లవాణ్ణి జబ్బుమనిషిలాగా చూడనక్కర్లేదు. వాడు గోడవార నిలబడి ఆటకేసి చూస్తున్నాడా, చీమలకేసి చూస్తున్నాడా అన్నదే తెలుసుకోవలసింది.

బాలలూ, మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. మీరు గోడవార నిలబడిన పక్షాన ఉంటే, గంట కొట్టగానే వెళ్ళండి, ఆట మధ్యలో వెళ్ళకండి. కాసేపు చూడండి. బంతి అవతల పడితే తెచ్చి ఇవ్వండి. ఆటను గురించి ఒక్క మాట అనండి. "నేనూ రానా?" అని అడగండి. వద్దంటే రేపు అడగండి, లేదా మరో ఆట దగ్గరికి పోండి. ఏడ్చి గాని, బంతి లాక్కుని గాని, మేష్టారితో చెబుతానని బెదిరించి గాని లోపలికి పోయినవాడికి ఆటలో ఆనందం ఉండదు.

మీరు ఆడే పక్షాన ఉంటే మీకు ఒక చిక్కు రావచ్చు, అది నాకు తెలుసు. జట్టుకు అయిదుగురు చొప్పున పదిమంది సరిపోయారు. పదకొండోవాడు వచ్చాడు. వాడికి ఉజ్జీ లేడు. "లెక్క సరిపోలేదు, పో!" అనటం సులువే. దీనికి కూడా వీధి పిల్లలు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. సందుల్లో క్రికెట్ ఆడేవాళ్ళను చూడండి. మిగిలినవాణ్ణి "కామన్" అంటారు. వాడు రెండు జట్లలోనూ ఉంటాడు, రెండుసార్లు బ్యాటు పట్టుకుంటాడు. మీరు "లెక్క సరిపోలేదు" అని పంపెయ్యబోయినవాడు అందరికంటె రెట్టింపు ఆట ఆడి ఇంటికి పోతాడు. రేపు సాయంకాలం పదిమందీ, "నేనుంటానురా కామన్!" అని పోట్లాడుకున్నా నేను ఆశ్చర్యపడను. అప్పుడు పంటలు వేసుకోండి.